వకీలు అన్న మాట మనది, వకీళ్లు ఎక్కడ?

(చర్లలో ముస్లిం న్యాయశాస్త్ర విద్యార్థులు, యువ న్యాయవాదులు, వారి తల్లిదండ్రుల కోసం జరిగిన వృత్తి మార్గదర్శక సమావేశంలో ఒక సీనియర్ న్యాయవాది చేసిన ప్రసంగ పాఠం)



ముందుగా ఒక భాషా ముచ్చట చెప్పుకుందాం. తెలుగు రాని ముస్లింను తీసుకువెళ్లి భద్రాచలం కోర్టు ఆవరణలో కూర్చోబెట్టినా, అక్కడి మాటల్లో సగం అతనికి అర్థమవుతాయి. ఫిర్యాదు, అర్జీ, దావా, వకాలత్‌నామా, జామీను, జప్తు, రాజీ, హాజరు, నకలు, దస్తావేజు: ఇవన్నీ అరబ్బీ, ఫారసీల నుంచి ఉర్దూ మీదుగా తెలుగులోకి వచ్చి స్థిరపడినవే. కొన్ని దారిలో అర్థం మార్చుకున్నాయి. ఉర్దూలో వాదా అంటే ఇచ్చిన మాట. తెలుగు కోర్టులో వాయిదా అంటే ఏమిటో ఇక్కడున్న కక్షిదారులకు నేను చెప్పనవసరం లేదు. అన్నింటికంటే నన్ను ఆలోచింపజేసేది ముద్దాయి అన్న మాట. ఉర్దూలో ముద్దయీ అంటే దావా వేసినవాడు, తన హక్కు కోసం న్యాయస్థానం మెట్లెక్కినవాడు. తెలుగులోకి వచ్చేసరికి అతడే నేరం మోపబడి బోనులో నిలబడ్డవాడయ్యాడు. మన సముదాయానికీ న్యాయస్థానానికీ మధ్య ఉన్న సంబంధం కూడా చాలాకాలంగా ఈ రెండో అర్థంలోనే నడుస్తున్నదని నాకు అనిపిస్తుంది. కోర్టు అంటే పిలిపించుకునే చోటు, భయపడే చోటు. మనంతట మనం వెళ్లి అడిగే చోటు అన్న ఊహ ఇంకా మన ఇళ్లలో బలపడలేదు.

2006 నవంబరులో ప్రధానమంత్రికి అందిన జస్టిస్ రాజేందర్ సచార్ కమిటీ నివేదికను మీలో చాలామంది చదివి ఉంటారు. 2001 జనాభా లెక్కల ప్రకారం దేశంలో మనం 13.4 శాతం. ఐ.ఎ.ఎస్.లో 3 శాతం, ఐ.పి.ఎస్.లో 4 శాతం. రాష్ట్రాలు ఇచ్చిన సమాచారం మేరకు న్యాయవ్యవస్థలో 7.8 శాతం. ఈ అంకెలను మన సభల్లో ఇన్నేళ్లుగా చదువుతూనే ఉన్నాం. చదివి నిట్టూర్చి, బిర్యానీ తిని ఇళ్లకు వెళుతున్నాం. అందుచేత నేను ఈ రోజు ఆ అంకెల గురించి కాక, ఒక యువకుడు లా పట్టా చేతికందిన నాటి నుంచి న్యాయవాదిగా నిలదొక్కుకునే వరకు నడవవలసిన దారి గురించి మాట్లాడతాను. మన పిల్లలు జారిపోతున్నది ఎక్కువగా ఆ దారిలోనే.

వృత్తి పరిచయ సమావేశాలు పెద్ద నగరాల్లో కొత్తవి కావు. అమెరికాలో ముస్లిం న్యాయవాదులకు, న్యాయ విద్యార్థులకు వేర్వేరు సంఘాలున్నాయి. అక్కడి సమావేశాలకు పెద్ద పెద్ద న్యాయ సంస్థలు వచ్చి విద్యార్థులను చూసుకొని ఉద్యోగాలిస్తాయి. చర్లకు ఏ సంస్థా రాదు. ఇక్కడ నెట్‌వర్కింగ్ అన్న మాటకు అర్థం ఒక్కటే: ఒక సీనియర్ తన ఆఫీసులో ఒక కుర్చీ వేసి, ‘రేపటి నుంచి రా’ అనడం. పరిచయ కార్డులు పంచుకోవడం దానికి ప్రత్యామ్నాయం కాదు.

న్యాయవాద వృత్తి చిత్రమైనది. పట్టాతో పని రాదు, చూసి నేర్చుకుంటే వస్తుంది. దావా ఎలా రాయాలో పుస్తకంలో ఉంటుంది. ఏ మాట రాయకూడదో సీనియర్ కొట్టివేసిన గీతల్లో ఉంటుంది. సాక్షిని ఎక్కడ అడగడం మానేయాలో, గుమాస్తాతో ఎలా మాట్లాడాలో, నకలు దరఖాస్తు ఎవరికి ఇవ్వాలో ఏ విశ్వవిద్యాలయమూ చెప్పదు. తండ్రి న్యాయవాది అయితే ఈ చదువు భోజనాల దగ్గరే అబ్బుతుంది. తండ్రి మిరపకాయల వ్యాపారో, బస్టాండులో పండ్ల బండివాడో, దర్జీయో అయితే ఆ పిల్లవాడికి ఇది ఎవరిస్తారు? ఈ ప్రశ్న కోసమే మనం ఇక్కడ కూర్చున్నాం.

నా సంగతే చెబుతాను. నేను వృత్తిలోకి వచ్చిననాడు నాకు తెలిసిన న్యాయవాది ఒక్కరూ లేరు. మూడు ఆఫీసులు తిరిగాను. ఒకచోట పేరు అడిగి, ‘మీవాళ్ల కేసులు ఏమైనా తెస్తావా’ అన్నారు. కక్షిదారులను వెంట తెచ్చేవాడైతే జూనియర్‌గా పనికొస్తాడన్నమాట! చివరకు నన్ను చేర్చుకున్న సీనియర్ ముస్లిం కారు. శుక్రవారం జుమా వేళకు తానే గడియారం చూపించి పంపేవారు. ఆయన దగ్గర నేర్చుకున్నదే ఈనాటికీ తింటున్నాను. ఈ మాట ఎందుకు చెబుతున్నానంటే, మన పిల్లలకు మనవాళ్లే చోటివ్వాలన్న నియమం ఏదీ లేదు. ఎవరిని అడగాలో తెలియకపోవడం, అడగడానికి ఒక పెద్దమనిషి తోడు లేకపోవడం, ఇవే అడ్డంకి. ఈ రోజు ఇక్కడికి వచ్చిన పెద్దలు చేయగల సాయం కూడా అదే.

ఇక డబ్బు విషయం దాచకుండా మాట్లాడుకోవాలి. జాతీయ న్యాయ విశ్వవిద్యాలయాల్లో ప్రవేశానికి క్లాట్ రాయాలంటే జనరల్ అభ్యర్థికి దరఖాస్తు రుసుమే 4,000 రూపాయలు. ప్రశ్నపత్రం ఇంగ్లీషులోనే. పేజీల కొద్దీ ఉండే భాగాలను చదివి జవాబులు గుర్తించాలి. చర్ల జూనియర్ కళాశాలలో తెలుగులో చదివిన పిల్లకు హైదరాబాదు శామీర్‌పేటలోని నల్సార్ 350 కిలోమీటర్లకు పైగా దూరమంటే అది రోడ్డు లెక్క మాత్రమే కాదు. లాసెట్ అలా కాదు. తెలుగులో రాయవచ్చు, రుసుమూ తక్కువే. ఇంటర్ తరువాత ఐదేళ్లు, డిగ్రీ తరువాత మూడేళ్లు, ఏ దారైనా పట్టా ఒకటే విలువ. మన పిల్లల్లో ఎక్కువమంది ఈ దారినే వస్తున్నారు, అందులో చిన్నతనం ఏమీ లేదు.

ఇక్కడ తల్లిదండ్రులకు ఒక జాగ్రత్త చెప్పాలి. 2007 చట్టం ప్రకారం 14 ముస్లిం సామాజిక వర్గాలకు బి.సి.-ఇ కింద 4 శాతం రిజర్వేషన్ ఉంది. 2010 మార్చి 25న సుప్రీంకోర్టు ఇచ్చిన మధ్యంతర ఉత్తర్వు ఆధారంగా అది కొనసాగుతున్నది. దూదేకుల, నూర్‌బాషా వారు బి.సి.-బి కిందికి వస్తారు. సయ్యద్, పఠాన్, మొగల్ మొదలైనవారికి బి.సి.-ఇ వర్తించదు, ఆదాయ పరిమితిలో ఉంటే ఆర్థికంగా వెనుకబడిన వర్గాల కోటా అడగవచ్చు. ఏది మీకు వర్తిస్తుందో ఆ ధ్రువపత్రం కౌన్సెలింగ్‌కు ముందే చేతిలో ఉండాలి. మీసేవ కేంద్రం, తహసీల్దారు కార్యాలయం మధ్య తిరిగేలోగా సీటు పోగొట్టుకున్న పిల్లలను నేను కళ్లారా చూశాను.

పట్టా వచ్చిన తరువాత ఎన్‌రోల్‌మెంట్. 1961 నాటి న్యాయవాదుల చట్టంలో జనరల్ అభ్యర్థికి 750 రూపాయలు, ఎస్సీ, ఎస్టీ అభ్యర్థికి 125 రూపాయలు అని స్పష్టంగా ఉంది. అయినా రాష్ట్రాల బార్ కౌన్సిళ్లు రకరకాల పద్దుల కింద వేలకు వేలు వసూలు చేస్తూ వచ్చాయి. ఒడిశాలో అది 42,100 రూపాయల దాకా వెళ్లింది. 2024 జులై 30న సుప్రీంకోర్టు ఈ పద్ధతిని తప్పుపట్టింది. చట్టంలో ఉన్నదానికి మించి ఎన్‌రోల్‌మెంట్ రుసుము వసూలు చేయరాదని, అలా వసూలు చేయడం బలహీన వర్గాల వారిని వృత్తి గుమ్మం దగ్గరే ఆపివేస్తుందని చెప్పింది. ఆ తీర్పు ప్రతిని ప్రతి విద్యార్థీ దగ్గర ఉంచుకోవాలి. హక్కుల గురించి వాదించబోయేవాడు తన మొదటి రసీదు దగ్గరే తన హక్కును తెలుసుకోకపోతే ఎలా?

ఆ తరువాత వచ్చేది అసలు కష్టకాలం. మొదటి మూడేళ్లు. 2025 మే 20న సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పుతో, జూనియర్ సివిల్ జడ్జి పరీక్షకు కనీసం మూడేళ్ల ప్రాక్టీసు ఉండాలన్న నిబంధన తిరిగి వచ్చింది. తాత్కాలిక ఎన్‌రోల్‌మెంట్ తేదీ నుంచి ఈ కాలాన్ని లెక్కిస్తారు. అనుభవం లేని చేతుల్లో తీర్పు పెట్టరాదన్న ఆలోచనను నేను కాదనను. కాని దాని భారం అందరి మీదా ఒకేలా పడదు. మూడేళ్లు ఇంటి నుంచి ఖర్చులకు తెచ్చుకోగలవాడు ప్రాక్టీసు చేస్తాడు. తెచ్చుకోలేనివాడు మూడో నెలలో ఫైనాన్స్ కంపెనీ వసూళ్ల ఉద్యోగంలో చేరతాడు. న్యాయమూర్తి కావలసిన పిల్లవాడు మోటారు సైకిళ్లు జప్తు చేసుకుంటూ తిరుగుతుంటాడు. అటువంటివారిని ఇద్దరిని నేనెరుగుదును. ఇద్దరూ తెలివైనవారే.

2024 అక్టోబరులో బార్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా ఒక సర్క్యులర్ పంపింది. జూనియర్లకు నగరాల్లో నెలకు 20,000, గ్రామీణ ప్రాంతాల్లో 15,000 రూపాయలు స్టైపెండుగా ఇవ్వాలని అందులో సిఫారసు చేసింది. సిఫారసే, తప్పనిసరి కాదు. ఇక్కడ కూర్చున్న సీనియర్లలో ఎందరు ఇస్తున్నారో చేతులెత్తమని అడగను, ముందు నా చెయ్యి నేను చూసుకోవాలి. ఏజెన్సీ ప్రాంతపు న్యాయవాదికి కక్షిదారు ఇచ్చేదే అంతంతమాత్రం. అయితే ఒక్కరం ఇవ్వలేనిది నలుగురం కలిస్తే ఇవ్వవచ్చు. ఆంధ్రప్రదేశ్‌లో 2019లో ప్రభుత్వమే జూనియర్ న్యాయవాదులకు మొదటి మూడేళ్లు నెలకు 5,000 రూపాయల చొప్పున ఇచ్చే లా నేస్తం పథకాన్ని ప్రారంభించింది. ప్రభుత్వం ఇచ్చేదాకా ఆగకుండా మన మస్జిద్ కమిటీలు, జకాత్ నిధులు చూసే పెద్దలు ఒక్క సంగతి ఆలోచించాలి. ఫీజులకు సాయం చేస్తున్నాం, సంతోషం. పట్టా చేతికి వచ్చాక మూడేళ్లు ఆ పిల్లవాడికి బస్సు చార్జీలు, గది అద్దె ఎవరు చూస్తారు? జకాత్‌కు అర్హుడెవరన్నది ఉలమాలను అడిగి తేల్చుకోండి. అర్హత లేదంటే సదకా ఉంది, కర్జె హసనా ఉంది.

మరో దారి కూడా ఉంది, మన పిల్లలకు అంతగా తెలియదు. 1987 నాటి న్యాయసేవాధికార సంస్థల చట్టం కింద పేదల తరఫున క్రిమినల్ కేసులు వాదించడానికి లీగల్ ఎయిడ్ డిఫెన్స్ కౌన్సెల్ అనే వ్యవస్థ 2022 నుంచి విస్తరించింది. అందులో అసిస్టెంటు స్థాయికి మూడేళ్లలోపు అనుభవం ఉన్నవారిని కూడా తీసుకుంటారు. నెలనెలా గౌరవ వేతనం ఉంటుంది, సొంత కేసులు చేపట్టరాదు. చదువుకుంటున్న వారైతే పారా లీగల్ వాలంటీర్లుగా చేరవచ్చు. 2022 జూన్ 2న కొత్త న్యాయ జిల్లాలు ఏర్పడ్డాక కొత్తగూడెంలోనే జిల్లా న్యాయస్థానం ఉంది. ప్రకటన ఎప్పుడు వస్తుందో చూసి చర్ల పిల్లలకు చెప్పేవారు లేకపోవడం తప్ప వేరే లోటు లేదు. ఆ పని మన బృందం చేయాలి.

ఇలాంటి పని ఎంతవరకు ఎదగగలదో చూపిన మనిషి ఒకరున్నారు. కేరళకు చెందిన షమ్నాద్ బషీర్, న్యాయశాస్త్ర ఆచార్యుడు. కోల్‌కతాలోని జాతీయ న్యాయ విశ్వవిద్యాలయంలో పనిచేస్తూ 2010లో ఇడియా అనే సంస్థను మొదలుపెట్టారు. పెద్ద న్యాయ విశ్వవిద్యాలయాల్లో పేద ఇళ్ల పిల్లలు, గ్రామాల పిల్లలు, వికలాంగులు ఎందుకు లేరు అన్నది ఆయన ప్రశ్న. అక్కడ చదివే విద్యార్థులనే ఊళ్లకు పంపి పిల్లలను వెతికించారు. శిక్షణ ఇప్పించారు, సీటు వచ్చాక ఫీజు, పుస్తకాలు, తోడుగా ఒక పెద్ద మనిషి, ఇవన్నీ ఏర్పాటు చేశారు. సీటు ఇప్పించి వదిలివేయకపోవడమే ఆయన చేసిన గొప్ప పని. 2019 ఆగస్టులో, నడివయసులోనే, ఆయన మరణించారు. ఆయన సంస్థ ముస్లింలకు మాత్రమే పరిమితం కాదు, ఆయన అలా చేయలేదు. ఆ విషయాన్ని నేను మళ్లీ ప్రస్తావిస్తాను.

వెనుక వరుసల్లో ఆడపిల్లలు కూర్చున్నారు. ముందుకు రమ్మంటే రావడం లేదు, సరే. 1950 నవంబరులో న్యాయవాదిగా నమోదైన ఫాతిమా బీవీ గురించి మీరు విన్నారు. కేరళలోని పత్తనంతిట్టకు చెందిన మనిషి. అమ్మాయి లా చదవాలని పట్టుబట్టింది ఆమె తండ్రి మీరా సాహెబ్. 1958లో మునసబుగా మొదలై మెట్టు మెట్టు ఎక్కి, 1989 అక్టోబరులో సుప్రీంకోర్టు తొలి మహిళా న్యాయమూర్తి అయ్యారు. తొలి ముస్లిం మహిళ అని కాదు నేనంటున్నది. ఈ దేశంలో ఏ మతం వారిలోనైనా తొలి మహిళ ఆమే. ఇక్కడున్న తండ్రులు ఆమె పేరుతో పాటు మీరా సాహెబ్ పేరు కూడా గుర్తుపెట్టుకోవాలి.

మన ఇళ్లలో అమ్మాయి న్యాయవాది కావలసిన అవసరం మరింత ఉంది. విడాకులు పొందిన ముస్లిం మహిళ కూడా సాధారణ చట్టం కింద భర్త నుంచి మనోవర్తి అడగవచ్చునని సుప్రీంకోర్టు 2024 జులై 10న చెప్పింది. ఆ కేసు మన తెలంగాణ నుంచి వెళ్లిందే. తీర్పు ఢిల్లీలో వచ్చింది, కాని చర్లలో పుట్టింటికి చేరి ఇద్దరు పిల్లలతో కూర్చున్న చెల్లెలికి అది ఎవరు చెబుతారు? తానున్న చోటి నుంచే అర్జీ వేయవచ్చునని, స్త్రీ కాబట్టి ఆదాయంతో పనిలేకుండా ఉచిత న్యాయసహాయం ఆమె హక్కు అని ఎవరు చెబుతారు? మగ వకీలు ముందు ఆమె అన్ని సంగతులూ చెప్పలేదు. ‘కోర్టుకు వెళితే పరువు పోతుంది’ అనే పెద్దలకు నా విన్నపం: పరువు కన్నా ముందు పిల్లల పాల ఖర్చు చూడండి. జమాతు పెద్దల మధ్య సామరస్యంగా తేలితే మంచిదే. తేలనినాడు ఆమెకు దారి మూసివేయకండి.

ఇక్కడ చర్ల సంగతి ప్రత్యేకంగా చెప్పాలి. ఈ ఊరు మూడు హైకోర్టుల సరిహద్దులో ఉంది. మనకు హైదరాబాదు. 2014లో ఆంధ్రప్రదేశ్‌లో కలిసిన చింతూరు, కూనవరం వైపు వారికి అమరావతి. అడవి దాటి బీజాపూర్, సుక్మా జిల్లాల్లోకి వెళితే బిలాస్‌పూర్. పెళ్లి సంబంధాలు, మిరప వ్యాపారం, లారీ కిరాయిలు ఈ మూడు వైపులా ఉంటాయి. సుక్మాలో లారీ పట్టుబడితే చర్ల మనిషి ఎవరికి ఫోన్ చేయాలి? ఏ దళారీ ఎంత అడిగితే అంత ఇచ్చి వస్తున్నాడు. మూడు రాష్ట్రాల్లో నమ్మకమైన ఒక్కొక్క న్యాయవాది పేరు మన దగ్గర ఉంటే చాలు. పరిచయాల సమావేశం వల్ల ప్రయోజనం ఏమిటని పొద్దున ఒక పెద్దాయన అడిగారు. ఇదీ ప్రయోజనం.

చివరగా కొంచెం చేదు విషయం. మనం ఐదో షెడ్యూలు ప్రాంతంలో ఉన్నాం. 1959 నాటి భూబదలాయింపు నిబంధనలు, వాటికి 1970లో వచ్చిన 1వ నెంబరు సవరణ ప్రకారం ఇక్కడ భూమి గిరిజనేతరుల చేతికి బదిలీ కారాదు. 1988లో సుప్రీంకోర్టు దాన్ని సమర్థించింది. మనం గిరిజనేతరులం. దుకాణం కోసమో ఇంటి కోసమో తెల్లకాగితం మీద రాయించుకొని డబ్బు చెల్లించిన మనవారు ఎందరో ఉన్నారు. ఆ కాగితానికి చట్టంలో విలువ లేదు. దానిమీద రేపు మన పిల్లలు వకీళ్లై వచ్చి ఏదో కిటుకు చూపిస్తారని ఆశపడేవారుంటే, ఆ ఆశ మానుకోండి. ఆ చట్టం కోయ సోదరుడి నేలను కాపాడటానికి వచ్చింది. మన హక్కులకు రాజ్యాంగం అడ్డునిలవాలని కోరేవాళ్లం, పక్కవాడి హక్కుకు అదే రాజ్యాంగం నిలిస్తే చిరాకుపడరాదు.

2025 వక్ఫ్ సవరణ చట్టంలో 3-ఇ అనే కొత్త సెక్షన్ ఉంది. ఐదో, ఆరో షెడ్యూళ్ల కింద షెడ్యూల్డు తెగలవారికి చెందిన భూమిని వక్ఫ్‌గా ప్రకటించరాదని దాని సారాంశం. 2025 సెప్టెంబరు 15న సుప్రీంకోర్టు ఆ చట్టంలోని కొన్ని నిబంధనలను నిలిపివేసింది. ఇది మాత్రం నిలిపివేసిన వాటిలో లేదు. ఆ చట్టంలోని ఇతర అన్యాయాల మీద నా అభిప్రాయాన్ని ఈ పత్రిక పాఠకులు ఎరుగుదురు. కాని ఈ సెక్షన్ చూసి భయపడే ముందు మన ఇంటి పని మనం చేయాలి. ఏజెన్సీ మండలాల్లోని మన కబరస్తాన్‌లు, ఈద్గాలు, మస్జిద్‌ల కాగితాలు ఎక్కడున్నాయి? ఏ సర్వే నెంబరులో ఉన్నాయి? అది పంచాయతీ స్థలమా, ప్రభుత్వ భూమా, ఎవరైనా ఇచ్చినదా? ముతవల్లీ గారి పెట్టెలో ఉంది అన్న జవాబు కోర్టులో చెల్లదు. ఈ గదిలో ఉన్న విద్యార్థులు సెలవుల్లో ఒక్కొక్క మండలం తీసుకొని తహసీల్దారు కార్యాలయం నుంచి నకళ్లు తెచ్చి ఒక్కచోట చేర్చితే, అంతకు మించిన శిక్షణ ఏ లా కళాశాలా ఇవ్వలేదు.

షమ్నాద్ బషీర్ తన పనిని మనకే పరిమితం చేయలేదని చెప్పాను. లెక్కల ఆచార్య పదవిని వదిలి, తరువాత న్యాయవాదియై 2009లో మరణించేవరకు పేదల కేసులు వాదించిన బాలగోపాల్ కోసం ఈ అడవి పల్లెల్లో ఎదురుచూసిన వారిలో కోయలున్నారు, దళితులున్నారు, మనవాళ్లున్నారు. ముంబయిలో షాహిద్ ఆజ్మీ, తాను జైలులో ఉండి వచ్చి న్యాయవాదియై, నిర్దోషులని తాను నమ్మినవారి కోసం వాదించి, 2010 ఫిబ్రవరి 11న తన కార్యాలయంలోనే హత్యకు గురయ్యారు. ఆయన అప్పటికి 32 ఏళ్లవాడు. ఈ వృత్తిలో భయం లేదని తల్లులకు నేను అబద్ధం చెప్పను. ఆయన వాదించిన ఫహీం అన్సారీ 26/11 కేసులో నిర్దోషిగా బయటికి వచ్చారు, ఆ తీర్పు వినడానికి మాత్రం షాహిద్ లేరు. ఒంటరి వకీలును బెదిరించడం తేలిక. అందుకే ఒకరికొకరం తెలిసి ఉండాలంటున్నాను.

జుహర్ నమాజుకు వేళవుతున్నది, ముగిస్తాను. ద్వారం దగ్గర రెండు కాగితాలు ఉంచాం. ఒకదానిలో సీనియర్లు తమ పేరు, కోర్టు, ఈ ఏడాది ఎందరు జూనియర్లను చేర్చుకోగలరో రాయాలి. సున్నా అయితే సున్నా అనే రాయండి, ఖాళీగా వదలవద్దు. రెండో దానిలో విద్యార్థులు ఏ సంవత్సరం చదువుతున్నారో, ఏ భాషలో సులువుగా రాయగలరో రాయాలి. అమ్మాయిల పేర్లను వారి తండ్రులు కాక వారే రాయాలి. భోజనాల తరువాత ఈ రెండు కాగితాలను పక్కపక్కన పెట్టుకొని కూర్చుందాం. నా పేరు మొదటి దానిలో రాసి వచ్చాను. పక్కన ఒకటి అని వేశాను, రెండు వేయగలనేమో మధ్యాహ్నం చెబుతాను. వస్సలామ్.